ఊర్మిళ నిద్ర - కంప్యూటరు మేలుకొలుపు

తెలుగునాట స్త్రీలు తరతరములుగా పాడుకొనుచు వచ్చిన పాటలలో 'ఊర్మిళాదేవి నిద్ర' ఒకటి. లక్ష్మణుడు అన్నతో అడవికి పోయిన నాటినుండి పదునాలుగేండ్లు ఊర్మిళ నిద్రలోనే ఉన్నది. వనవాసము ముగిసినది. రావణవధ జరిగినది. లక్ష్మణుడు తిరిగి వచ్చి ఆమె శయ్య చెంత చేరినాడు. కన్నులు తెరచిన ఊర్మిళ భర్తను గుర్తింపలేదు. పరపురుషుడెవడో అంతఃపురము చొచ్చెనని భయపడి, పరస్త్రీని కోరినవారికి కలిగిన కీడులను ఎత్తిచూపి మందలించినది. లక్ష్మణుడు తానెవరో చెప్పుకొన్న పిదప గాని ఆమె శంక తీరలేదు.

ఇందు ఊర్మిళ తప్పేమియు లేదు. నిద్రించినంత కాలము లోకములో ఏమి జరిగినదో ఆమె ఎరుగదు. అట్టి స్థితిలో ఎదుట నిలిచినవానిని చూచిన వెంటనే నమ్ముటకంటె శంకించుటయే క్షేమము. అయినను ఆ శంక ఎల్లకాలము నిలిచిన సంసారము సాగదు. నమ్మిన ఒక ప్రమాదము, నమ్మకున్న ఒక ప్రమాదము. పల్లెటూరి వాకిళ్లలో పాడుకొన్న ఈ పాటలోని చిక్కే, నేటి కంప్యూటరు నిద్రనుండి లేచిన ప్రతిసారియు ఎదురగుచున్నది.

పాఠశాలలో ఈ దృశ్యము క్రొత్తది కాదు. ఉపాధ్యాయుడు మార్కుల పట్టిక సగము నింపి, భోజనపు గంట కొట్టగానే ల్యాప్‌టాప్ మూత మూసి వెళ్లును. తిరిగి వచ్చి మూత తెరచునప్పటికి తెర వెలుగును. పట్టిక విడిచిన చోటనే కనిపించును. కాని మౌస్ కదలదు. ప్రింటరు అందుబాటులో లేదని తెర చెప్పును. ఆ ప్రింటరు మాత్రము ప్రక్కనే దీపము వెలిగించుకొని కూర్చుండి యుండును. పెన్ డ్రైవు గుంటలో గుచ్చియే యున్నను దాని పేరు తెరమీద ఉండదు. తీగ ఊడదీసి మరల గుచ్చినచో అన్నియు సరియగును. చూచిన విద్యార్థులు మౌస్ పాడైనదనియో, కంప్యూటరు పాతబడినదనియో తీర్పు చెప్పుదురు. నిజమునకు పెక్కుసారులు రెండును బాగుగనే యుండును. చెడినది వాని నడుమనున్న పరిచయము.

ఆ పరిచయము ఎట్లు చెడునో తెలియుటకు ముందు కంప్యూటరు నిద్ర ఎట్టిదో తెలియవలెను. అది ముఖ్యముగా రెండు విధములు. మొదటిది తేలిక నిద్ర. ప్రాసెసరుకు విద్యుత్తు ఆగును, తెర ఆరును, డిస్కు నిలుచును. జరుగుచున్న పని యంతయు ఏ ర్యామ్‌లో ఉన్నదో ఆ ర్యామ్‌కు మాత్రము కొద్దిపాటి విద్యుత్తు అందుచుండును. ర్యామ్‌లోని వ్రాత నీటిమీది వ్రాత వంటిది. సామాన్యముగా 64 మిల్లీసెకన్లలోపల ఒక్కొక్క గడిని ఒక్కసారి యైనను తిరిగి దిద్దనిచో అది చెరిగిపోవును. నిద్రా సమయమున ఆ దిద్దుబాటు ర్యామ్ తానే చేసికొనును. రెండవది గాఢనిద్ర. దీనిని హైబర్నేషన్ అందురు. ఇందు ర్యామ్‌లోని సమస్తమును డిస్కుమీదికి ఎక్కించి విద్యుత్తును కట్టివేయుట జరుగును. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి ప్రకటించిన ఏ.సి.పి.ఐ. అను ప్రమాణములో తేలిక నిద్రకు ఎస్ 3 అనియు, గాఢనిద్రకు ఎస్ 4 అనియు పేర్లు పెట్టిరి. ఒక్కొక్క పరికరమునకు కూడ మెలకువనుండి పూర్తి నిద్రవరకు డి 0 మొదలు డి 3 దాక మెట్లు ఏర్పరచిరి.

నిద్రకు పోవుటలో ఒక వరుస కలదు. లైనక్స్ పద్ధతిని దృష్టాంతముగా తీసికొనవచ్చును. మొదట, డిస్కునకు ఇంకను ఎక్కని వ్రాతలను ఎక్కించివేయును. తరువాత నడచుచున్న కార్యక్రమములను ఉన్నవానిని ఉన్నట్లే స్తంభింపజేయును. ఆ పిమ్మట పరికరములను ఒక్కొక్కటిగా నిద్రపుచ్చును. మౌస్ ఒక హబ్బునకు, హబ్బు ఒక కంట్రోలరునకు తగిలియున్నచో ముందు మౌస్, తరువాత హబ్బు, తుదకు కంట్రోలరు నిద్రించును. లేచునపుడు ఈ క్రమము తలక్రిందులగును. ఉమ్మడి కుటుంబములో రాత్రి పిల్లలను పడుకోబెట్టిన తరువాతనే తల్లి నడుము వాల్చును. వేకువను తల్లి లేచి పొయ్యి వెలిగించిన తరువాతనే పిల్లలు లేతురు. హబ్బు లేవకముందే మౌస్‌ను పిలిచినచో ఆ పిలుపును చేరవేయు నాథుడే ఉండడు.

ఈ ఏర్పాటులో చిన్న చిన్న జాగ్రత్తలును ఉన్నవి. నిద్రకు పోవు నిమిషమున ఎవరేని కీబోర్డుమీద ఒక మీటను నొక్కి పట్టియున్నచో, ఆ మీట విడువబడినట్లే లైనక్స్ లెక్క వ్రాసికొనును. గంట తరువాత లేచినపుడు ఆ వ్రేలు అక్కడనే ఉండునని నమ్ముట పొరపాటు గదా! ఈ జాగ్రత్త లేనిచో, లేచిన కంప్యూటరు ఒకే అక్షరమును పుటలకొలది కొట్టుకొనుచు పోవచ్చును.

ఇక పరికరముల సంగతి. పూర్వము కీబోర్డునకు ఒక గుంట, ప్రింటరునకు వేరొక గుంట ఉండెడివి. వానిని నడుమ మార్చినచో పెక్కుసారులు కంప్యూటరును ఆపి మరల నడుపవలసి వచ్చెడిది. ఈ బాధను తొలగించుటకు వచ్చినదే యు.ఎస్.బి. దాని తొలి ప్రమాణము 1996 జనవరిలో వెలువడినది. ఇంటెల్ సంస్థలో పనిచేసిన అజయ్ భట్ దాని రూపశిల్పులలో ముఖ్యుడు. ఆయన వడోదరలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున చదివినవాడు. 2022లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ప్రకటించినది.

యు.ఎస్.బి. పద్ధతి తరగతి గదిలోని హాజరుపట్టీ వంటిది. క్రొత్తగా చేరిన పిల్లవానికి ఉపాధ్యాయుడు వరుససంఖ్య వేసినట్లు, క్రొత్తగా తగిలించిన పరికరమునకు కంప్యూటరు 1 నుండి 127 వరకు గల సంఖ్యలలో ఒకదానిని ఇచ్చును. సంఖ్య పడువరకు ఆ పరికరము సున్నకు పలుకుచుండును. సంఖ్య పడిన తరువాత మాటలన్నియు ఆ సంఖ్యతోనే నడచును. అయితే ఇది కంప్యూటరు ఇచ్చిన సంఖ్యయే గాని పరికరమునకు పుట్టుకతో వచ్చినది కాదు. పుట్టుకతో వచ్చిన గుర్తులు వేరుగ ఉన్నవి. ప్రతి పరికరములోను 18 బైట్ల జాతకచక్రము వంటి పట్టిక ఒకటి ఉండును. దానిలో తయారుచేసినవారి సంఖ్య, వస్తువు యొక్క సంఖ్య ఉండును. కొన్నిటికి క్రమసంఖ్య కూడ ఉండును. చౌకరకము వస్తువులు పెక్కింటికి అది ఉండదు. జాతకము చెరగదు. వరుససంఖ్య మాత్రము విద్యుత్తు అందునంతవరకే పరికరమునకు జ్ఞాపకముండును.

ఫుల్ స్పీడు రకపు తీగమీద, మేల్కొనియున్న కంప్యూటరు మిల్లీసెకనుకు ఒక సంకేతము చొప్పున పంపుచుండును. మూడు మిల్లీసెకన్లు తీగ నిశ్శబ్దమైనచో పరికరము తనంత తానుగ నిద్రకు పోవలెనని నియమము. యు.ఎస్.బి. 2.0 ప్రమాణము ననుసరించి మెలకువలో 500 మిల్లీయాంపియర్ల వరకు తీసికొనదగిన పరికరము, నిద్రలో 2.5 మిల్లీయాంపియర్లకు మించి తీసికొనరాదు. అనగా రెండువందలవ వంతు. తిరిగి లేపవలెనన్నచో కంప్యూటరు కనీసము 20 మిల్లీసెకన్లు మేలుకొలుపు సంకేతమును వినిపించి, పరికరము తేరుకొనుటకు మరి 10 మిల్లీసెకన్లు ఆగవలెను. కీబోర్డు వంటివి అనుమతి యున్నచో తామే ముందు కదలి కంప్యూటరును లేపవచ్చును. మీట నొక్కగానే నిద్రించుచున్న కంప్యూటరు లేచుటకు కారణమిదియే.

ఆ సన్నని విద్యుద్ధార నిద్రాకాలమంతయు తెగకుండ పారినచో చిక్కులేదు. పరికరము తన వరుససంఖ్యను మరువదు, పిలువగానే పలుకును. కాని కొన్ని కంప్యూటర్లు తేలిక నిద్రలో సహితము గుంటలకు విద్యుత్తును నిలిపివేయును. గాఢనిద్రలో అది ఆగిపోవుట సామాన్యము. అపుడు పరికరము సంఖ్యను మరచును. కంప్యూటరు మాత్రము పాత హాజరుపట్టీనే చేత పట్టుకొని లేచును. 'ఐదవ నెంబరు!' అని పిలిచిన పలుకువారుండరు. ఆ ఐదవవాడు ఎదుటనే సున్నయై కూర్చుండి యుండును.

ఇపుడు కంప్యూటరు చేయవలసినదేమి? కఠిన నియమమును పాటించినచో, విద్యుత్తు తెగిన ప్రతి పరికరమును ఊడదీసినదానితో సమానముగా చూడవలెను. పాతవానిని పట్టీనుండి కొట్టివేసి, ఉన్నవానినే క్రొత్తవారిగ చేర్చుకొనవలెను. మౌస్ విషయములో దీనివలన పెద్ద నష్టములేదు. పెన్ డ్రైవు విషయము అట్లు కాదు. దానిమీద తెరచియున్న పుస్తకము, సగము నిండిన పట్టిక, చదువుచున్న బొమ్మ, అన్నియు పాత పరిచయమునకు కట్టుబడి యున్నవి. పాతవాడు చనిపోయెనని వ్రాసినంతనే అవన్నియు తెగిపోవును. అదే డ్రైవు క్రొత్తపేరుతో తిరిగి కనిపించినను, తెగిన దారము అతుకదు. కంప్యూటరును నడుపు మూల వ్యవస్థయే యు.ఎస్.బి. డిస్కుమీద ఉన్నచో కంప్యూటరు మొత్తము నిలిచిపోవును.

తెలుగు టైపు చేయువారు ఈ బాధను మరియొక రూపమున చూచియుందురు. లైనక్స్‌లో ఎక్స్ విండో పద్ధతిపై ఆజ్ఞ ఇచ్చి తాత్కాలికముగ తెలుగు మీటల అమరికను పెట్టుకొన్నవారికి, కంప్యూటరు నిద్ర లేచిన పిమ్మట ఒక్కొక్కప్పుడు ఆంగ్లాక్షరములే పడుచుండును. కీబోర్డు మారలేదు. కాని కంప్యూటరు దానిని క్రొత్తదిగ చేర్చుకొన్నది; క్రొత్త కీబోర్డునకు సహజముగ ఉండవలసిన అమరికనే ఇచ్చినది. పాతదానికి ఇచ్చిన తెలుగు పాతదానితోనే పోయినది.

ఈ కాఠిన్యమును సడలించుటకు లైనక్స్ వ్యవస్థలో ఒక ఉపాయము పన్నిరి. దానిపేరు యు.ఎస్.బి. పర్సిస్ట్. ఆలన్ స్టెర్న్ అను ఆయన దీనిని గూర్చి 2006లో వ్రాసిన వివరణ పత్రము లైనక్స్ మూలముతో పాటు నేటికిని లభించును. ఉపాయము తేలికైనదే. లేచిన కంప్యూటరు, విద్యుత్తు తెగినట్లు కనిపెట్టినపుడు, పరికరమును వెంటనే కొట్టివేయదు. ఆ గుంటలోని వస్తువును ఒకసారి రీసెట్ చేసి, దాని జాతకమును అడిగి తెప్పించుకొనును. తయారీదారు సంఖ్య, వస్తుసంఖ్య మొదలగునవి నిద్రకు ముందున్న వానితో సరిపోయినచో ఇతడు అతడే యని నిశ్చయించి, పాత వరుససంఖ్యనే తిరిగి ఇచ్చును. పైని తెరచియున్న పుస్తకములకు ఏమి జరిగినదో తెలియనే తెలియదు. లక్ష్మణుడు పేరు చెప్పుకొన్నాడు. ఊర్మిళ శంక తీరినది.

కథ ఇంతటితో సుఖాంతమైనచో బాగుండెడిది. కాని జాతకము చూచి వ్యక్తిని నిశ్చయించుటలో ఒక లోపమున్నది. కవలల జాతకములు కలియవచ్చును. ఒకే కార్ఖానాలో తయారై, క్రమసంఖ్యలు లేని రెండు పెన్ డ్రైవులకు గుర్తులు ఒక్కటే. నిద్రాసమయమున ఒకదానిని తీసి రెండవదానిని గుచ్చినచో కంప్యూటరు కనిపెట్టలేకపోవచ్చును. మెమరీ కార్డులను చదువు పరికరముతో ప్రమాదము ఇంకను హెచ్చు. అక్కడ కంప్యూటరు ప్రశ్నించునది చదువు పరికరమును. మారినది దాని కడుపులోని కార్డు. తపాలా బంట్రోతు నిన్నటివాడే. సంచిలోని ఉత్తరములు వేరు.

అపుడు కలుగు కీడు చిన్నది కాదు. ఏ పుస్తకము ఏ గడిలో ఉన్నదో తెలుపు విషయసూచికను కంప్యూటరు వేగముకొరకు తన ర్యామ్‌లో ఉంచుకొనును. అది పాత కార్డు యొక్క సూచిక. దానిని నమ్మి, ఖాళీ యనుకొన్న గడులలో వ్రాయును. క్రొత్త కార్డులో ఆ గడులు ఖాళీగ ఉండకపోవచ్చును. అక్కడ ఒక విద్యార్థిని ప్రాజెక్టు నివేదిక ఉండవచ్చును, ఒక తరగతి మార్కులు ఉండవచ్చును. పైని వ్రాసిన వ్రాత వానిని తుడిచివేయును. తుదకు పాత సూచికయే క్రొత్త కార్డుమీద ముద్రపడినచో, మిగిలియున్నది కూడ కానరాకుండ పోవును. స్టెర్న్ పత్రము ఈ ప్రమాదమును దాచలేదు, గట్టిగనే హెచ్చరించినది. నిద్రలో కార్డును మార్చువానిని ఈ ఉపాయము రక్షింపలేదు.

కొన్నిచోట్ల దోషము గుర్తింపులో గాక పరికరములోనే ఉండును. నిద్రపొమ్మనిన పోవును గాని, లేపు సంకేతమునకు సరిగ లేవని కెమెరాలు మొదలగునవి ఉన్నవి. లైనక్స్‌లో ఇట్టివాని సంఖ్యలతో ఒక పట్టిక కూర్చి యుంచిరి. ఆ పట్టికలో పేరున్న పరికరమును మెల్లగ లేపుటకు ప్రయత్నింపక, నేరుగ రీసెట్ చేయుదురు. మరికొన్నిచోట్ల దోషము డ్రైవరు అను నడుపు సాధనములో ఉండును. నిద్రకు ముందు పరికరములో ఏ అమరికలు ఉండినవో డ్రైవరు వ్రాసికొని, లేచిన తరువాత వానిని తిరిగి పెట్టవలెను. ఆ పని మరచినచో ధ్వని పెట్టె మ్రోగదు, ముద్రణ ఆగును. చేతితో ఊడదీసి గుచ్చుట వలన జరుగునదెల్ల ఇదియే: విద్యుత్తు తెగును, పరిచయము మొదటినుండి జరుగును, అమరికలన్నియు తిరిగి పడును.

కావున ఉపాధ్యాయులును విద్యార్థులును పాటింపదగిన నియమములు కొన్ని ఈ వివరమునుండియే తేలుచున్నవి. మూత మూయుటకు ముందు పెన్ డ్రైవుమీద తెరచియున్న వానిని భద్రపరచి మూసి, డ్రైవును తొలగించు ఆజ్ఞ ఇచ్చి, ఆ తరువాతనే బయటికి తీయవలెను. ఆ ఆజ్ఞతో వ్రాతలన్నియు డ్రైవునకు ఎక్కును; ర్యామ్‌లోని సూచిక విడువబడును. తీయక అట్లే ఉంచినచో, కంప్యూటరు లేచువరకు దానిని గాని, కార్డును గాని ఎవరును తాకరాదు. పలువురు వాడు గదిలో ఈ మాటను ఒక కాగితముమీద వ్రాసి అంటించుట మంచిది.

లేచినపుడెల్ల ఒకే పరికరము మొండికెత్తుచున్నచో, ముందు దానిని హబ్బు ద్వారా గాక నేరుగ కంప్యూటరునకు తగిలించి చూడవలెను; దోషము హబ్బుదో, పరికరముదో తేలును. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరచి, విద్యుత్తు ఆదాకొరకు ఈ పరికరమును ఆపవచ్చునను అనుమతిని తీసివేయవచ్చును. పవర్ ఆప్షన్స్‌లో సెలెక్టివ్ సస్పెండ్ అను మరియొక ఏర్పాటున్నది. అది కంప్యూటరు మేల్కొనియుండగనే పనిలేని పరికరమును మాత్రము కునుకు తీయించునట్టిది. ఆ కునుకునుండి లేవని వస్తువులున్నచో దానిని నిలుపుట మేలు. లైనక్స్‌లో ఒక్కొక్క పరికరమునకు ఈ అనుమతులు వేరువేరుగ దిద్దుకొనవచ్చును. లేచిన వెంటనే డ్రైవరును విడదీసి మరల కలుపు ఆజ్ఞను తనంతట తానే నడచునట్లు ఏర్పరచుకొనవచ్చును. అది చేతితో చేయు ఊడదీయుట, గుచ్చుటలకు ప్రతినిధి.

నిద్ర తీరులును మారుచున్నవి. 2012లో విండోస్ 8తో వచ్చిన పద్ధతిననుసరించి, క్రొత్త ల్యాప్‌టాప్‌లు పెక్కు ఎస్ 3 నిద్రకు పోవుట మానినవి. తెర ఆర్పి, ప్రాసెసరును అతి స్వల్ప విద్యుత్తుతో నిలిపి, చెవి యొగ్గి పడుకొన్న కావలివాని వలె ఉండును. నిద్ర యెంత పలుచనైనను, గుంటలోని పరికరము కునుకు తీసినచో దానిని తిరిగి లేపి పలుకరింపవలసిన పని తప్పదు.

ఊర్మిళ కథలో లక్ష్మణుడు తన్ను తాను ఎరుక పరచుకొనగలిగినాడు. పెన్ డ్రైవు కూడ తన సంఖ్యను చెప్పుకొనగలదు. తనలోని వ్రాత మూత మూసిన నాటిదేనా, నడుమ ఎవరేని మార్చిరా యను ప్రశ్నకు మాత్రము అది ఉత్తరము చెప్పజాలదు. ఆ ఉత్తరము తెలిసినవాడు మూత మూసిన మనుష్యుడే. భోజనపు గంట మ్రోగినపుడు అతడు అర నిమిషము ఆగి డ్రైవును తీసి జేబులో వేసికొనినచో, లేచిన కంప్యూటరు శంకింపవలసినదియు ఉండదు, గ్రుడ్డిగ నమ్మవలసినదియు ఉండదు. నలుబది మంది పిల్లల మార్కులు వ్రాసిన చోటనే ఉండును.